రుచి చూస్తే తిన్నట్టా

మార్చి 2, ఆదివారం

రెండు నోటుపుస్తకాలు కొన్నాను. నీలం అట్టది డాక్టరుగారికి. ఏ వేళకు ఏం తిన్నానో, ఎంత తిన్నానో అందులో రాసి ఆయనకు నెలకోసారి చూపించాలి. ఎర్ర అట్టది నాకు. దీన్ని ఎవరికీ చూపించను, ఒకే ఇంట్లో ఉంటున్న అక్కకు కూడా.

రేపటి నుంచి మళ్ళీ వంటింట్లోకి. ఆపరేషన్ అయి పదకొండు వారాలైంది. కేన్సర్ అన్న మాట అక్క ఇంట్లో అననివ్వదు, ‘అది’ అంటుంది. సరే, పొట్టలో అది వచ్చింది. కింది వైపు నుంచి ముప్పావు వంతు కోసి తీసేసి, మిగిలిన పైముక్కను పేగుకు కుట్టారు. ఇరవై ఆరేళ్ళుగా నర్సుల కాలేజీ హాస్టల్లో పెద్ద వంటమ్మను నేను. ఏడాదికి మూడు వందల నలభై మంది ఆడపిల్లల కడుపులు నింపాను. నాకు మాత్రం పావు కడుపు మిగిలింది. పావు కడుపుతో బతకొచ్చని డాక్టరుగారు చెప్పారు, బతికి చూపిస్తున్నాను.

మధ్యాహ్నం మేనేజరు ఫోన్ చేశాడు.

“రండమ్మా, సంతోషం. కాకపోతే ఒక మాట. ఏప్రిల్ పన్నెండున చివరి ఏడాది పిల్లల వీడ్కోలు భోజనం ఉంది కదా. ఆ రోజు పొద్దుటి నుంచి వడ్డన అయ్యేదాకా మీరు నిలబడగలిగితే గరిటె మీదే. లేదంటే మీ మరదలికిచ్చేసి, మిమ్మల్ని కూరగాయల బల్ల దగ్గర కూర్చోబెడతాను. మీ మంచికే చెప్తున్నా.”

ఈ మధ్య నా మంచి కోరేవాళ్ళు మరీ ఎక్కువైపోయారు. ఉల్లిపాయలు తరుగుతూ రిటైర్ కావడానికి నేను సిద్ధంగా లేను.

మార్చి 3, సోమవారం

వెళ్ళాను. నిలబడ్డాను. చేశాను.

మరదలు (తమ్ముడి భార్య, పదేళ్ళుగా నా కింద రెండో వంటమనిషి) గుమ్మం దాకా ఎదురొచ్చి “వచ్చారా వదినా” అని చేయి పట్టుకుంది. చేయి పట్టుకుంటే తూలిపోతాననుకుంది కాబోలు. లోపలికి వెళ్ళి చూస్తే డబ్బాలన్నిటికీ కాగితాలు అంటించి పేర్లు రాసి పెట్టింది. ఉప్పుకు ‘ఉప్పు’ అని. నాకు ఉప్పేదో తెలియదా? ఈ మూడు నెలల్లో వంటిల్లు తనదైపోయిందని చెప్పడానికే ఆ కాగితాలు. సాయంత్రం లోపల అన్నీ పీకి పారేశాను.

కూర ఎనిమిదోసారికి కుదిరింది. రుచి చూస్తూ సర్దుతూ పోవాలి, అదే నా పద్ధతి. మూడు నెలల తర్వాత కూడా నాలుక ఏమీ మర్చిపోలేదు. పిల్లలు రెండోసారి అడిగి వేయించుకున్నారు.

నీలం పుస్తకంలో: ఏడింటికి ఒక గుడ్డు, సగం రొట్టె. పదింటికి జావ. ఒంటిగంటకు మెత్తటి అన్నం, నాలుగు చెంచాలు. నాలుగింటికి పెరుగు. ఏడింటికి సూప్. తొమ్మిదింటికి అరటిపండు సగం. డాక్టరుగారు చెప్పినట్టే ఆరుసార్లు. పదింటి జావ తాగడానికి తీరిక దొరకలేదు, కానీ తాగేదాన్నే కదా, రాసేశాను.

మార్చి 4, మంగళవారం

మెస్‌లో మంగళవారం, శుక్రవారం తీపి. పిండి బిళ్ళలు వేయించి పాకంలో వేస్తాం. పాకం వచ్చిందో లేదో చూడడానికి అందరూ వేళ్ళ మధ్య తీగ లాగి చూస్తారు. నేను నాలుక మీద చూస్తాను. కాస్త గరిటెతో తీసుకుని, ఊది, నోట్లో వేసుకుంటే, అది జారే తీరులోనే ఇంకెన్ని నిమిషాలో తెలిసిపోతుంది. ఈ విద్య ఇంకెవరికీ లేదు. పాకం అద్భుతంగా వచ్చింది.

పదకొండున్నరకు గుండె దడ. ఒళ్ళంతా చెమట. కళ్ళ ముందు చుక్కలు, తర్వాత అరగంట బాత్రూంలో.

పొయ్యి వేడి. మూడు నెలలు ఫ్యాను కింద పడుకున్న ఒళ్ళు కదా.

మార్చి 5, బుధవారం

అంతా బాగుంది. పొయ్యి వేడే.

మార్చి 7, శుక్రవారం

మళ్ళీ వచ్చింది. పిండి బస్తాల మీద కూర్చుని గోడకు తల ఆనించాను. గుండె చెవుల్లో కొట్టుకుంది. ఎవరూ చూడలేదు.

సాయంత్రం అక్క “మొహమేంటే అలా పీక్కుపోయింది?” అంది. “మూడు వందల నలభై మందికి వండిన మొహం ఇలాగే ఉంటుంది” అన్నాను. అక్క నమ్మలేదు. తనకు అబద్ధాలు తెలుస్తాయి, చిన్నప్పటి నుంచీ నావి తనే కనిపెట్టేది.

మార్చి 9, ఆదివారం

ఇంట్లోనే ఉన్నాను. ఏమీ కాలేదు.

మార్చి 10, సోమవారం

మరదలు పొయ్యి పక్కన చిన్న గిన్నె పెట్టుకుని అందులో ఉండుండి ఒక్కో చిక్కుడు గింజ వేస్తోంది. “ఏమే అది?” అంటే “ఏం లేదు వదినా” అంది. నేను చేసే తప్పులు లెక్కపెడుతోందని నాకు అర్థమైంది. లెక్కపెట్టుకోనీ. వీడ్కోలు భోజనం రోజున ఆ గింజలన్నీ కూరలో వేసి తనకే వడ్డిస్తాను.

మార్చి 11, మంగళవారం

మళ్ళీ.

మార్చి 12, బుధవారం

ఇవాళ నా పొట్టను నేను చూశాను.

కాలేజీలో అనాటమీ చెప్పే మేడం మధ్యాహ్నం భోజనానికి మా మెస్‌కే వస్తుంది. ఇరవై ఏళ్ళుగా రోజూ ఒకటే మాట, “ఉప్పు తక్కువైంది” అని. అందుకే వంటింట్లో ఆమెకు ఉప్పు మేడం అని పేరు. నా వయసే, నా అంత నోరే. ఇవాళ పదిన్నరకే వంటింట్లోకి వచ్చింది. నేను రొట్టెల కోసం బల్ల మీద పొడిపిండి చల్లుతున్నాను.

“నీకు ఆపరేషన్‌లో ఏం తీశారో తెలుసా?” అంది.

“తెలియకేం మేడం.”

“ఏంటో చెప్పు.”

“పొట్ట.”

“పొట్టంటే?”

ఏం చెప్పను? ఇరవై ఆరేళ్ళుగా నింపుతున్న దాని గురించి నాకు ఒక్క ముక్క తెలియదు. ఆమె కొంగు దోపుకుని బల్ల మీది పిండిలో వేలితో గీసింది. వంపు తిరిగిన సంచి. పైన ఎడమ పక్కకు ఉబ్బిన గుమ్మటం, మింగిన గాలి అక్కడ నిలబడుతుందట. ఆ పక్క నుంచి అన్నం దిగే గొట్టం వచ్చి కలుస్తుంది. మధ్యలో పెద్ద భాగం. కిందికొచ్చేసరికి సన్నబడి, కుడి పక్కకు తిరిగి, చివర ఒక బిగుతైన ద్వారం.

“లోపలంతా మడతలుంటాయి. ఖాళీగా ఉన్నప్పుడు నీ పిడికిలంత. నిండుతుంటే మడతలు విప్పుకుంటూ లీటరు దాటి పడుతుంది” అంది. తర్వాత పిండిలో గీతలు గీసింది, నిలువుగా కొన్ని, అడ్డంగా చుట్టూ కొన్ని, ఏటవాలుగా కొన్ని. “గోడలో కండరాలు మూడు పొరలు. కింద పేగంతా రెండే. పొట్టకు మాత్రం ఈ ఏటవాలుది అదనం. ఎందుకో చెప్పు.”

“పిసకడానికి” అన్నాను.

ఆమె వేలు ఆగిపోయింది.

“పిండిని ఒక్క పక్క నుంచే పిసికితే ఉండలు కడుతుంది మేడం. నిలువుగా తోయాలి, చుట్టూ నొక్కాలి, మెలి తిప్పాలి. అప్పుడే నలుగుతుంది.”

“ముప్పై ఏళ్ళుగా అడుగుతున్నా ఈ ప్రశ్న. ఒక్క పిల్లా ఇంత తొందరగా చెప్పలేదు” అంది ఉప్పు మేడం. ఆమె నోటి నుంచి నాకు వచ్చిన మొదటి మెప్పు అది. మరదలు కూడా వింది. మంచిదే.

తర్వాత ఇంకా చాలా చెప్పింది. పొట్టలో ఊరే ఆమ్లం అంత ఘాటైనదైనా పొట్టను ఎందుకు తినేయదంటే, లోపలి గోడ జిగురు పూసుకుని ఉంటుందట. ఆ గోడ పైపొర నాలుగైదు రోజులకోసారి కొత్తది వస్తుందట. ముద్ద నోట్లో పడాల్సిన పని కూడా లేదు, వాసన తగిలినా, గిన్నెల చప్పుడు విన్నా ఊరడం మొదలవుతుందట. అంటే రోజూ నేను తాలింపు వేసినప్పుడల్లా పైఅంతస్తులో మూడు వందల నలభై పొట్టలు పనిలోకి దిగుతున్నాయి. నేను ఇంత పెద్ద అధికారినని నాకు ఇంతవరకూ తెలియదు.

చివర ఆ సన్న ద్వారం మీద వేలు పెట్టింది. “పైలోరస్. కాపలాదారు అని అర్థం. పైన ఎంతున్నా సరే, బాగా నలిగిందాన్నే కొంచెం కొంచెంగా పేగులోకి వదులుతాడు. ఒక్క భోజనం దింపడానికి మూడు నాలుగు గంటలు తీసుకుంటాడు.” అలా అని, అరచేత్తో పిండిలో బొమ్మను కింది నుంచి పైకి చెరిపేసింది. గుమ్మటం, దాని కింద కాస్త, అంతే మిగిలింది. “ఇదీ నీది.”

ఎంత చిన్నదో చూస్తే గానీ తెలియలేదు.

“కాపలావాడు కూడా పోయాడా మేడం?”

“పోయాడు.”

“పోతే పోనీండి. వాడి పని నేనే చేసుకుంటాను” అన్నాను. నోటికి వచ్చింది, అనేశాను.

ఆ పిండితోనే రొట్టెలు చేశాం.

మార్చి 14, శుక్రవారం

పాకం పొయ్యి మీద ఉండగా వచ్చింది. గరిటె వదిలేసి బాత్రూంకి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి పాకం ముదిరి బిళ్ళలు రాళ్ళయ్యాయి. పిల్లలు వాటిని బల్లల మీద కొట్టి చప్పుడు చేశారు. ఇరవై ఆరేళ్ళలో ఇలా జరగలేదు.

మేనేజరు వచ్చి “ఎవరిదీ పని?” అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మరదలు “నేనేనండీ, చూసుకోలేదు” అంది. ఎందుకంది? మంచిదనిపించుకోవడానికి. గరిటె చేతికొచ్చే ముందు చేతులు శుభ్రంగా కనపడాలి కదా.

మార్చి 16, ఆదివారం

రాయకుండా ఉండలేను. అది మళ్ళీ వచ్చింది. నాకు తెలుసు. లేకపోతే ఇలా ఎందుకవుతుంది? చెప్పినవన్నీ తింటున్నాను, నెలకో ఇంజెక్షన్ వేయించుకుంటున్నాను, నమిలి మింగుతున్నాను. అయినా నాలుగుసార్లు వచ్చింది. పక్కింటామెకు కూడా ఇలాగే తిరగబెట్టిందని అక్క ఒకసారి చెప్పి నాలుక కరుచుకుంది.

ఇరవయ్యో తేదీన డాక్టరుగారి దగ్గరకు వెళ్ళాలి. వెళ్ళను. వెళితే చెప్పాలి, చెబితే మంచమెక్కిస్తారు, మంచమెక్కితే గరిటె పోతుంది. ఏప్రిల్ పన్నెండు దాకా లాగితే చాలు. ఆ రోజు వంట నా చేతి మీద జరగాలి. తర్వాత ఏది రావాలో అది రానీ.

భయంగా ఉంది. ఇది నా పుస్తకం కాబట్టి రాస్తున్నాను. చాలా భయంగా ఉంది.

మార్చి 18, మంగళవారం

ఇవాళ జరిగింది వరసగా రాయాలి.

పదకొండున్నరకు మళ్ళీ వచ్చింది. స్టోర్ రూమ్‌లో బస్తాల మీద కూర్చున్నాను. తలుపు తెరుచుకుంది. ముందు ఉప్పు మేడం, వెనక గిన్నె పట్టుకుని మరదలు. అంటే చెప్పేసిందన్నమాట. ఒళ్ళు మండిపోయింది.

“చాడీలు చెప్పడం అయిందా? గరిటె కావాలంటే నన్నే అడగొచ్చుగా” అన్నాను.

మరదలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ వెనక్కి తగ్గలేదు. “గరిటె నాకెందుకు వదినా. మీరు పోతే నేనేం చేయను?” అంది.

ఉప్పు మేడం నా మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ అడిగింది. “పొద్దుటి నుంచి ఏం తిన్నావు?”

“ఏడింటికి గుడ్డు, సగం రొట్టె. పదింటికి జావ.”

“జావ తాగలేదు మేడం” అంది మరదలు. “ఏ రోజూ తాగలేదు. అలాగే ఉంటుంది, నేనే పారబోస్తున్నా.”

“సరే, జావ లేదు. ఇంకేం తిన్నావు?”

“ఏమీ తినలేదు.”

మరదలు గిన్నె నా ముందు పెట్టింది. చిక్కుడు గింజలు. “వదినా, మీరు గరిటె నోట్లో పెట్టుకున్నప్పుడల్లా ఒక గింజ వేశా. ఇవాళ పదకొండున్నరకి నలభై ఒకటి. అందులో తెల్లవి పాకానివి. పందొమ్మిది.”

“రుచి చూడడం తినడమా?” అన్నాను. నాకు నిజంగానే నవ్వొచ్చింది. “రుచి చూస్తే తిన్నట్టా? వంటమనిషి రుచి చూడకపోతే ఎవరు చూస్తారు?”

ఉప్పు మేడం నవ్వలేదు. నా రుచి గరిటె తెప్పించింది. ఒక గాజు గ్లాసు తెప్పించింది. ఆ గరిటెతో నీళ్ళు ముంచి గ్లాసులో పోయమంది. నేను పాకానికి తీసుకున్నట్టే సగం సగం ముంచి పోశాను. మరదలు తెల్ల గింజలు ఒక్కొక్కటిగా తీసి పక్కన పెడుతూ లెక్క చెప్పింది. పన్నెండుకే గ్లాసు సగం దాటింది. పందొమ్మిది అయ్యేసరికి నిండి, అంచు మీదుగా కారింది.

ముగ్గురం ఆ గ్లాసునే చూశాం.

“ఖాళీ కడుపున ఒక గ్లాసు చిక్కటి చక్కెర పాకం” అంది మేడం. “కాపలావాడు లేని ఇంట్లోకి.”

ఎప్పుడెప్పుడు వచ్చిందో వేళ్ళ మీద లెక్కేశాను. మంగళ, శుక్ర, మంగళ, శుక్ర, మంగళ. ఈ పుస్తకంలో నా చేత్తో నేనే రాసుకున్నాను. తీపి వండిన రోజే వచ్చింది, వండని రోజు ఒక్కసారి కూడా రాలేదు. ఇన్నాళ్ళు నా కళ్ళ ముందే ఉంటే చూడలేకపోయాను. ఇరవై ఆరేళ్ళలో రుచి చూసిన దాన్ని ఏ రోజూ తిండి కింద లెక్కేసుకోలేదు మరి. ఏ వంటమనిషీ లెక్కేసుకోదు. మేం ఏమీ తినకుండా పొద్దున్నుంచీ వండామని చెప్పుకుంటాం, అది గొప్పగా చెప్పుకుంటాం.

మరదలి వీపు మీద చేయి వేశాను. చెప్పాల్సింది చాలా ఉంది, రేపు చెబుతాను.

మార్చి 20, గురువారం

డాక్టరుగారి దగ్గరకు వెళ్ళాను. మరదలు, అక్క ఇద్దరూ వచ్చారు. వద్దన్నా వచ్చారు. గింజల సంగతి విని ఆయన నీలం పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిప్పారు.

“ఇందులో ఎక్కడా లేదేమ్మా?”

“అది తిండి అని తెలియదండీ.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత చెప్పారు. తీపి నీళ్ళు ఆగకుండా ఒక్కసారిగా పేగులోకి దిగితే, వాటిని పలచన చేసుకోవడానికి పేగు ఒంట్లోని నీటిని లాగేసుకుంటుంది. అందుకే గుండె దడ, చెమట, కళ్ళు తిరగడం. పొట్ట కోసినవాళ్ళలో చాలామందికి జరిగేదే. అక్క ఆయన్నే చూస్తూ “అయితే అది కాదా?” అంది. “అదే అనుకుంటున్నా. అయినా నోట్లోంచి గొట్టం వేసి చూద్దాం, స్కాన్ కూడా తీద్దాం” అన్నారు. అక్క అడిగిన అది వేరు, ఆయన అన్న అది వేరు. ఆయన అన్నది కేన్సర్ కాదనే అని బయటికొచ్చాక నేను విడమరచి చెబితే గానీ అక్క ఊపిరి పీల్చుకోలేదు.

మార్చి 26, బుధవారం

ఏమీ లేదు. శుభ్రంగా ఉంది. కుట్టు చక్కగా అతుక్కుంది. గొట్టం వేసి తీసిన ఫోటో చూపించారు, గులాబీ రంగులో, తడిగా, మడతలు మడతలుగా. ఉన్న పావు వంతూ నిగనిగలాడుతోంది. కొన్నాళ్ళకు ఇంకాస్త సాగుతుందట కూడా.

గెలిచాను. ఆసుపత్రి మెట్ల మీద అక్కను ఎత్తుకుందామనుకున్నాను, అక్క బరువు చూసి మానేశాను. అక్క ఆ మెట్ల మీదే మొదటిసారి “కేన్సర్ పోయింది” అని పేరు పెట్టి అంది. దారి పొడుగునా కనపడ్డ వాళ్ళందరికీ చెప్పింది, తెలియని వాళ్ళకు కూడా.

మార్చి 28, శుక్రవారం

ఇప్పుడు అసలు పని. గండం గడిచింది, గరిటె ఇంకా గడవలేదు. పదిహేను రోజులుంది.

రుచి చూసి ఉమ్మేయమని ఉప్పు మేడం సలహా. అన్నాన్ని ఉమ్మడం నా వల్ల కాదన్నాను. కూరలకు చెంచా కొన ముంచి నాలుక మీద ఒక్క చుక్క, అంతే. ఆ చుక్కలన్నీ నీలం పుస్తకంలో రాస్తున్నాను. పాకానికి మాత్రం నోరు తెరవను.

తెరవకపోతే ఎలా? నాకు వచ్చింది నాలుక విద్యే. అందరిలా వేళ్ళ మధ్య తీగ లాగాను. రాలేదు. మొదటిసారి వేలు కాల్చుకున్నాను, రెండోసారి పాకం నీళ్ళయింది. యాభై నాలుగేళ్ళకు పాకం నేర్చుకుంటున్నాను. మరదలు పక్కనే నిలబడింది.

“నువ్వు చూడవే” అన్నాను.

“నాకేం తెలుసు వదినా.”

“నోట్లో వేసుకో. ఎలా జారుతోందో చెప్పు, మిగతాది నేను చెబుతా.”

ఊది నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుంది. “మొదట పలచగా ఉంది. గొంతు దగ్గర కొంచెం పట్టుకున్నట్టుంది” అంది. ఇంకా రెండు నిమిషాలుందని నాకు వెంటనే తెలిసిపోయింది. ఆ నాలుక నా పక్కనే పదేళ్ళు ఉంది, ఒక్కసారీ అడగలేదు. డబ్బాల మీద కాగితాలు ఎందుకు అంటించావని ఇవాళ అడిగాను. నేను లేనప్పుడు కొత్తగా చేరిన ఇద్దరు వంటవాళ్ళు ఉప్పనుకుని చక్కెర వేశారట. మళ్ళీ అంటించమన్నాను.

ఏప్రిల్ 4, శుక్రవారం

తీపి రోజు. ఏమీ కాలేదు. పదింటి జావ కూర్చుని తాగాను, పదిహేను నిమిషాలు. మొత్తం వంటిల్లు నన్ను వింతగా చూసింది. మా వంటవాళ్ళు కూర్చుని తినరు. అందరూ తిన్నాక, మూడింటికి, గట్టుకు ఆనుకుని నిలబడి, ఐదు నిమిషాల్లో మింగేస్తారు. నేనూ అలాగే తిన్నాను ఇన్నేళ్ళు. నేనే వాళ్ళకు అలా నేర్పాను.

ఏప్రిల్ 8, మంగళవారం

పాకం కుదిరింది. మా ఇద్దరికీ.

ఏప్రిల్ 11, శుక్రవారం

రేపే.

ఏప్రిల్ 12, శనివారం

చాలా రాత్రయింది. అయినా రాస్తాను.

తెల్లవారుజామున నాలుగున్నరకు పొయ్యిలు వెలిగించాం. అతిథులతో కలిపి నాలుగు వందల మంది. ఏడింటికి గుడ్డు, రొట్టె. తొమ్మిదింటికి పాకం పెట్టాం. మరదలు నోట్లో వేసుకుని “ఇంకొంచెం వదినా” అంది. “ఎంత?” అన్నాను. “ఇరవై అంకెలు” అంది. ఇరవై లెక్కపెట్టి మంట ఆపేశాను. వేళ్ళ మధ్య తీగ వెంట్రుకలా లాగింది.

పదకొండుకు అన్నీ సిద్ధం. వడ్డన పదకొండున్నరకు. మధ్యలో ఆ అరగంట నా భోజనానికి. పళ్ళెంలో అన్నం, కూర, సగం గుడ్డు పెట్టుకున్నానో లేదో, మేనేజరు పరుగున వచ్చాడు.

“ప్రిన్సిపాల్ గారి ఉపన్యాసం ముందే అయిపోయింది. పిల్లలు కూర్చున్నారు. అతిథులూ కూర్చున్నారు. ఇప్పుడే వడ్డించేయాలి.”

ఇరవై ఆరేళ్ళూ ఇదే వంటింట్లో ఇలాంటి మాట వినగానే పళ్ళెం పక్కన పడేసి పరుగెత్తిన మనిషిని నేను. ఇవాళ పరుగెత్తితే గంటసేపు బాగానే ఉంటాను. ఆ తర్వాత పెద్ద గిన్నెల మధ్య ఎక్కడో పడిపోతాను. అది నాకు తెలుసు, నా పొట్టకు తెలుసు.

వంటింట్లో కూర్చోవడానికి జాగా లేదు, ఎక్కడ చూసినా కాలుతున్న గిన్నెలే. పళ్ళెం పట్టుకుని హాల్లోకి వెళ్ళాను. మొదటి వరస బల్లకు చివర ఇద్దరు పిల్లలు జరిగి చోటిచ్చారు. కూర్చున్నాను. నాలుగు వందల మంది చూస్తుండగా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాను.

మేనేజరు నా మీదికి వంగి “అమ్మా, ఏమిటిది? అందరూ ఎదురుచూస్తున్నారు” అన్నాడు గుసగుసగా.

నోట్లో ముద్ద ఉంది. అది పూర్తిగా నలిగేదాకా మాట్లాడకూడదు. చేయి మాత్రం ఎత్తాను, ఆగమని. వంటింటి గుమ్మంలో మరదలు నిలబడి ఉంది, చేతిలో గరిటె. “వదిన తిన్నాకే వడ్డిస్తామండీ” అంది. ఆమె ఇంత గట్టిగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

అతిథుల బల్ల దగ్గర నుంచి ఉప్పు మేడం గడియారం చూసుకుని “కూర్చోండి మేనేజరుగారూ. ఆవిడ ఇప్పుడు తన పైలోరస్ డ్యూటీలో ఉంది. మధ్యలో పిలవకూడదు” అంది. పిల్లలందరికీ ఆ పాఠం తెలుసు. ముందు ఒక మూల నుంచి నవ్వు వచ్చింది, తర్వాత హాలంతా. మేనేజరుకు అర్థం కాలేదు. కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు.

ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఒక్క నిమిషం కూడా తగ్గించలేదు. పళ్ళెం ఖాళీ చేసి, కడిగి, కొంగు బిగించి గరిటె అందుకున్నాను. మధ్యాహ్నం రెండున్నర దాకా నా కాళ్ళ మీద నేనే నిలబడి వడ్డించాను. గుండె మామూలుగా కొట్టుకుంది. తీపి రెండోసారి అడగని పిల్ల ఒక్కతీ లేదు.

అందరూ వెళ్ళాక మేనేజరు వచ్చాడు. “కూరగాయల బల్లకి ఎవరినైనా చూడాలమ్మా, మీరైతే దొరకరు” అన్నాడు. గెలిచానని ఆయన నోటితో చెప్పడం అంతే.

అప్పుడు చూశాను. మరదలు గట్టుకు ఆనుకుని నిలబడి, గిన్నె అడుగున మిగిలింది చేత్తో గీరి నోట్లో వేసుకుంటోంది. పొద్దున నాలుగున్నర నుంచి అదే ఆమె మొదటి ముద్ద. ఆమె వెనక మిగతా ఆరుగురు కూడా అలాగే, గోడ వెంట వరసగా నిలబడి, తొందరతొందరగా మింగుతున్నారు. ఆమె చేతిలో గిన్నె తీసుకున్నాను. అందరినీ హాల్లోకి నడిపించి మొదటి వరసలో కూర్చోబెట్టి, పళ్ళేలు వేసి, నేనే వడ్డించాను. మరదలు “నేను నిలబడే తింటా వదినా” అంటూనే ఉంది. భుజం నొక్కి కూర్చోబెట్టాను.

“సోమవారం నుంచి వంటవాళ్ళం పదకొండింటికి ఇక్కడే కూర్చుని తింటాం. వడ్డన ఆ తర్వాతే” అన్నాను మేనేజరుతో.

“ఎవరమ్మా ఇలా చెప్పింది?” అన్నాడు.

పెద్ద వంటమ్మ చెప్పిందని చెప్పాను.